జేబులోని చిరునామా

నేను తెలివైనవాణ్ణి. ఈ మాట ఇంతవరకూ ఇంకెవరూ అనలేదు కాబట్టి, నాకు నేనే చెప్పుకుంటూ ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు లాక్కొచ్చాను. నా పేరు కొప్పిశెట్టి త్రిమూర్తులు. వివర స్వాధీన శాఖలో సూపరింటెండెంటుని. ఈ సంగతి మీకు చెప్పడానికి నా రాతపూర్వక సమ్మతి నా దగ్గరే ఉంది. మూడు కాపీలు.

మనిషి వివరం మనిషిదే. ఈ మాటలో తప్పు లేదు, ఇప్పటికీ లేదంటాను. మన ఫోను నంబరు ఎవడో ఎవడికో అమ్ముకుంటే, వాడు అన్నం ముందు కూర్చున్న వేళ చూసి ప్లాటు కొనుక్కో, పాలసీ కట్టుకో అని ప్రాణం తీస్తుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? అందుకే పైవాళ్ళు చట్టం చేశారు. ఒకటిన్నర పేజీ. చదివితే అర్థమయ్యేది. చిక్కంతా అక్కడే వచ్చింది. అర్థమయ్యే చట్టాన్ని అమలు చేయడం మా శాఖకు అలవాటు లేదు. మా కమిషనరుగారు నన్ను పిలిపించారు.

"త్రిమూర్తులుగారూ, పౌరుని యొక్క వివరము పౌరుని యొక్క స్వాధీనములోనే ఉండునట్లును, ఇతరుల యొక్క స్వాధీనములో లేకుండునట్లును తగు నియమావళి రూపొందించవలసినదిగా మిమ్ములను ఆదేశించడమైనది," అన్నారు. కమిషనరుగారు కాఫీ తెమ్మన్నా అలాగే అంటారు.

నలభై రెండు పేజీలు రాశాను. రాస్తుంటే నా చెయ్యి చూసి నాకే ముచ్చటేసింది. మొదటి నియమం ఇది: ఎవరి వివరమైనా వారి రాతపూర్వక సమ్మతి లేకుండా ఇతరులు అడగరాదు, చెప్పరాదు, చూపరాదు, వీలైనంతవరకు తెలిసి ఉండరాదు. "వీలైనంతవరకు" అన్న మాటని కమిషనరుగారు కొట్టేశారు.

అమలు మా ఆఫీసుతోనే మొదలుపెట్టాం. బల్లల మీద పేరుపలకలు పీకేశాం. హాజరు పట్టీలో పేర్లు తీసేసి గళ్ళు మాత్రం ఉంచాం. వచ్చినవాళ్ళు నచ్చిన గడిలో టిక్కు పెట్టుకునేవారు. ఆ నెల హాజరు నూటికి నూట పన్నెండు వచ్చింది. కౌంటరు దగ్గర టోకెన్ల మీద నంబర్లుండేవి. ఫలానా నంబరు ఫలానావాడిదని పక్కవాడికి తెలిసిపోతోందని ఒకరు ఫిర్యాదు చేస్తే, నంబర్లు లేని టోకెన్లు ఇచ్చాం. "పిలవబడినవారు రావలెను" అని అటెండరు కేకేసేవాడు. అందరూ లేచేవారు.

ఊరు కూడా బాగానే అందుకుంది. మా ఇంటికి ఒక శుభలేఖ వచ్చింది. వధువు పేరు, వరుడి పేరు, ఇరువైపులా పెద్దల పేర్లు నల్లసిరాతో కొట్టేసి ముహూర్తం, మండపం మాత్రం ఉంచారు. వెళ్ళి అక్షింతలు వేసి భోంచేసి వచ్చాం. పెళ్ళి ఎవరిదో ఇప్పటికీ తెలియదు. గుత్తివంకాయ బాగుంది. వీధివీధికీ బోర్డులు పెట్టించాను: "ఎవరి ఆనవాలూ ఎవరికీ చెప్పరాదు." నాకు సన్మానం కూడా జరిగింది. వేదిక మీద శాలువా కప్పారు. ఎవరికి కప్పుతున్నారో మైకులో చెప్పలేదు.

ఇంట్లో రత్నం మాత్రం నన్ను మెచ్చుకోలేదు. రత్నమంటే నూకరత్నం, మా ఆవిడ. "ఆ బోర్డులేంటండీ బాబూ, ఊరంతా మూగనోము పట్టినట్టుంది," అంది. గొప్ప పనులు ఇంట్లోవాళ్ళకి అర్థం కావని సరిపెట్టుకున్నాను.

రత్నం వాళ్ళ నాన్నగారు మా దగ్గరే ఉంటారు. అడపా సత్తిరాజుగారు. ఇదే ఊళ్ళో ముప్పై ఆరేళ్ళు పోస్ట్‌మాన్‌గా చేశారు. ఏ గుమ్మం ఎవరిదో, ఏ గుమ్మానికి కుక్క ఉందో ఆయన నోటిమీద ఉండేది. ఎవరికి ఏ కబురొచ్చిందో కూడా ఆయనకు తెలుసు, చదువురాని ఇళ్ళలో ఉత్తరాలు ఆయనే చదివిపెట్టేవారు కనుక. అయితే ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో ఆయన నోట విన్నవాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో నేనే ఒకసారి కూపీ లాగబోయాను. "మావయ్యగారూ, మీ ఎదురింటాయనకి కోర్టు కాగితం ఏదో వచ్చిందటగా?" అన్నాను. "ఆయన్నడగండి బాబూ," అని పేపరు తిరగేసుకున్నారు.

మూడేళ్ళుగా ఆయనకు మతిమరుపు పట్టుకుంది. మొదట కళ్ళజోడు మరిచిపోయారు, తరవాత వారాలు మరిచిపోయారు, తరవాత నన్ను మరిచిపోయారు. ఈ మధ్య ఆయన పేరు ఆయనకే గుర్తు రావడం లేదు. ఖాకీ సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరడం మాత్రం మరవలేదు. సంచీలో పాత కరెంటు బిల్లులు, పేపర్లో పెట్టి పంచిపోయే ప్రకటన కాగితాలు ఉంటాయి. ఇంటికి దారి తెలియక ఏ సందు మొగలోనో నిలబడిపోతే, టీకొట్టు సింహాచలమో, సైకిలు షాపాయనో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపేవారు. దానికితోడు రత్నం ఆయన చొక్కాలన్నిటికీ జేబు లోపలివైపు తెల్లగుడ్డ పట్టీ ఒకటి కుట్టింది. దాని మీద ఎర్రదారంతో ఆయన పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు. ఒక్కో పట్టీ కుట్టడానికి రెండేసి మధ్యాహ్నాలు పట్టింది.

ఇక్కడ నా గొప్పతనం కొంచెం చెప్పుకోవాలి. పదిహేడో నియమం ప్రకారం, సమ్మతి లేకుండా ఏ మనిషి ఒంటి మీదా అతని వివరాలు ఉంచరాదు. ఒక ఆదివారం తీగ మీద ఆరేసిన మావయ్యగారి చొక్కా తిరగబడి ఉంది. పట్టీ కనిపించింది. నియమం రాసినవాడి పెరట్లోనే ఉల్లంఘన గాలికి ఊగుతోంది! సరే, పద్ధతి ప్రకారం పోదామని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మావయ్యగారూ, మీ వివరాలు మీ జేబులో ఉండటానికి మీకు సమ్మతమేనా?"

"ఎవరి వివరాలండీ?" అన్నారాయన.

ఇది సమ్మతి కిందికి రాదు. రత్నం సంతకి వెళ్ళినప్పుడు బ్లేడు తీసుకుని ఆరు చొక్కాల పట్టీలూ విప్పేశాను. వాటిని కవర్లో పెట్టి, పైన "అత్యంత గోప్యం" అని రాసి ఆఫీసు బీరువాలో దాచాను. రత్నానికి చెప్పలేదు. ఆయన వివరం ఆవిడకి చెప్పడానికి నాకు ఆయన సమ్మతి లేదు కదా.

నాలుగు రోజుల తరవాత, గురువారం పొద్దున పదకొండింటికి రత్నం ఫోను చేసింది.

"ఏవండీ, నాన్న ఇంకా రాలేదండీ. తొమ్మిదిన్నరకల్లా వచ్చేసేవారు. ఇడ్లీ తినలేదు, షుగరు మాత్ర ఏసుకోలేదు."

"వస్తార్లే. ఎవరో ఒకరు దింపుతారు," అన్నాను. అన్నాక, ఇప్పుడు ఎవరూ దింపరని తెలిసింది. బోర్డులు పెట్టించింది నేనే.

నేను ఆఫీసులోంచి ఇంటికి రాగానే ఇద్దరం టీకొట్టు దగ్గరికి పరిగెత్తాం. సింహాచలం అక్కడ టీ వడపోస్తోంది. ఆవిడ నెత్తి మీద నా బోర్డు.

"మా మావయ్యగారు ఇటొచ్చారా?" అన్నాను.

"ఒచ్చారో రాలేదో సెప్పకూడదు గదండి బాబూ. తవరే గదా బోర్డు ఎట్టించారు. మా కోడలెక్కడికెళ్ళిందని మావోడడిగితే, పుట్టింటికెళ్ళిందని సెప్పినందుకు నాకు నోటీసిచ్చారు."

"అది వేరు, ఇది వేరు. ఆ బోర్డు పెట్టినవాణ్ణి నేను చెబుతున్నాను, చెప్పు."

"తవరెవరో నాకు తెలవదండి," అంది. పదేళ్ళుగా ఆవిడ దగ్గర టీ తాగుతున్నాను.

రత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూసి సింహాచలం గిన్నె దింపింది. నా వైపు చూడకుండా, పొయ్యితో చెబుతున్నట్టు చెప్పింది. "నేనేం సెప్పట్లేదు రత్నమ్మా. తొమ్మిదింటికి పచ్చయాను ఒకటి ఒచ్చింది. ఎవరో పెద్దాయన్ని ఎక్కించుకుంది. ఆయన ఎక్కుతా ఎక్కుతా, ఇయ్యాల నీకు ఉత్తరాల్లేవు సింహాచలం, రేపు సూద్దాం అన్నాడు. నన్నే పేరెట్టి పిలిచాడు, ఆయన పేరు ఆళ్ళకి సెప్పలేకపోయాడు. నేను సెబుదావని నోరిప్పితే నోటీసు పుస్తకం తీశారమ్మా. నేనేం సెప్పలేదు, ఎల్లండి."

పచ్చవ్యాను అనగానే నాకు సంగతి అర్థమైంది. అది మా శాఖదే. తన వివరం తాను చెప్పుకోలేని మనిషిని మేం నిర్వివరి అంటాం. అలాంటి మనిషి రోడ్డు మీద ఉంటే అతని వివరాలు దారేపోయేవాళ్ళు చెప్పేసే ప్రమాదం ఉంది. అందుకని నిర్వివరుల్ని వ్యానులో తెచ్చి సంరక్షణ కేంద్రంలో ఉంచుతారు. సాయంత్రం ఐదింటికల్లా ఎవరి వివరం వారు చెప్పుకోకపోతే జిల్లా వసతిగృహానికి పంపేస్తారు. అక్కడ గోప్యత ఇంకా గట్టిది. లోపల ఎవరున్నారో జాబితా ఉండదు, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళని గేటు దాటనివ్వరు. ఇదంతా ముప్పై ఎనిమిదో పేజీ. ఆ పేజీకి కమిషనరుగారు నా భుజం తట్టారు. ఐదు దాటితే మావయ్యగారు ఎక్కడున్నారో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నా నియమం అంత పకడ్బందీగా ఉంది.

కేంద్రానికి చేరేసరికి ఒంటిగంట. స్వాధీనాధికారి వైకుంఠరావు లేచి నిలబడ్డాడు. నా శిష్యుడే. నియమావళి మీద శిక్షణ ఇచ్చింది నేనే, అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది కూడా నేనే.

"హమ్మయ్య, నువ్వున్నావా! మా మావయ్యగారు ఇక్కడికి వచ్చారు. తీసుకెళ్తాం," అన్నాను.

"అట్టి వ్యక్తి ఈ కేంద్రమునందు ఉన్నారని గానీ లేరని గానీ ధ్రువీకరించుటకు వీలుపడదు సార్."

"అదిగోనయ్యా, కిటికీలోంచి కనబడుతున్నారు!"

నిజంగానే కనబడుతున్నారు. లోపల బల్ల మీద కూర్చుని మా శాఖ కరపత్రాల్ని వీధుల వారీగా విడదీస్తున్నారు. పక్కన గ్లాసులో మజ్జిగ ఉంది.

"చూడటం మీ హక్కు సార్," అన్నాడు వైకుంఠరావు వినయంగా. "గుర్తుపట్టడం ఆయన హక్కు."

ఆ వాక్యం నాదే. శిక్షణ రోజున చెప్పి, చప్పట్లకోసం ఆగాను కూడా.

రత్నం సంచీలోంచి పెళ్ళి ఫోటో తీసింది. "ఇదిగో బాబూ, మా పెళ్ళి. ఈయనే మా నాన్న. చూడు, ఆ ముక్కు చూడు." వైకుంఠరావు గబుక్కున కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, దయచేసి లోపల పెట్టేయండి. ముక్కు జీవ వివరం కిందికి వస్తుంది."

"పోనీ ఇడ్లీ అయినా పెట్టనియ్యి. మాత్ర ఏసుకోవాలాయన."

"ఫలానావారికి ఫలానా జబ్బు అన్నది ఇప్పుడు మీరు నాకు చెప్పేశారమ్మా. నేను విననట్టే ఉంటాను. ఇడ్లీ పెట్టండి. మాత్ర మీరే చూసుకోండి, నేను అటు తిరుగుతాను," అని నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. నేను తయారు చేసినవాడు, అంతే.

మావయ్యగారు రత్నం పెట్టిన ఇడ్లీ బుద్ధిగా తిన్నారు. "మీరెవరో గానీ అమ్మా, చట్నీ మా ఇంట్లో చేసినట్టే ఉంది," అన్నారు. రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిర్వివరి తన వివరం తాను తిరిగి పొందడానికి దారి లేకపోలేదు. మూడు ప్రశ్నలుంటాయి. అవి నేను ఒక శనివారం లంచ్ టైములో టిఫిను బాక్సు ముందు కూర్చుని రాశాను. మాకంటే ముందు వరసలో ఒకడున్నాడు. ముఖాన చెమట లేదు, తొట్రుపాటు లేదు. మూడింటికీ టకటకా ఏదో చెప్పి, "అన్నీ కరెక్టే" అని సంతకం గిలికి బయటికి నడిచాడు. ఎవరి పేరు తీసుకుని వెళ్ళాడో వాడికే తెలియాలి. తరవాత మావయ్యగారిని కూర్చోబెట్టారు.

"మీకు మిక్కిలి ఇష్టమైన కూర ఏది?" అని చదివాడు వైకుంఠరావు.

"ఎవరొండారో చెప్పండి ముందు."

"మీ బడిలో గంట కొట్టువారి పేరేమి?"

"ఏమోనండి. గంట మాత్రం వినబడేది."

"మీ వివాహము నాడు వర్షము కురిసెనా?"

మావయ్యగారు కిటికీలోంచి బయటికి చూశారు. "కురిసింది," అన్నారు. "పందిరి తడిసిపోయింది. ఆవిడ కొంగు తీసి నా తల తుడిచింది. అందరూ నవ్వారు."

"నిజవేనండీ!" అని రత్నం కేక పెట్టింది. "మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో ఈ మాట!"

నేను కూడా బల్ల మీద చరిచాను. "ఇంకేంటయ్యా, సరిపోయింది కదా!"

"సరిపోయిందో లేదో నాకెలా తెలుస్తుంది సార్? సరైన జవాబు పౌరుడి స్వాధీనంలో ఉంటుంది గానీ నా దగ్గరుండదు. ఇరవై మూడో పేజీ. కాబట్టి పౌరుడే ధ్రువీకరించాలి." ఆయన వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరు చెప్పినది సరైన జవాబేనని సంతకం పెడతారా?"

మావయ్యగారు కలం తీసుకున్నారు. కాగితం పైనుంచి కిందికి చదివారు. కలం పక్కన పెట్టేశారు.

"నా మీద నాకు నమ్మకం లేదండి ఈ మధ్య. తెలీనిదానికి సంతకం పెట్టకూడదు. ఎక్నాలెడ్జిమెంటు మీద ఒక్క తప్పు సంతకం పెట్టించుకోలేదు నేను, అన్నేళ్ళలో."

"విఫలము," అని రాసుకున్నాడు వైకుంఠరావు. గడియారం మూడున్నర చూపిస్తోంది.

నాకు దిక్కు తోచక కమిషనరుగారికి ఫోను చేశాను. "సార్, త్రిమూర్తుల్ని. ఒక్క నిర్వివరిని విడుదల చేయమని మీరొక్క మాట చెప్పాలి సార్."

"మాట్లాడుచున్నది త్రిమూర్తులుగారే అనుటకు త్రిమూర్తులుగారి యొక్క సమ్మతి పత్రము జతపరచబడినదా?" అన్నారు ఆయన.

"సార్, నా గొంతు మీకు తెలుసు!"

"తెలిసి ఉండరాదు కదండీ. 'వీలైనంతవరకు' అనునది మేమే తొలగించితిమి. మీ నియమావళి మహత్తరమైనది త్రిమూర్తులుగారూ, మీరు త్రిమూర్తులుగారే అయినచో. దానికి ఒక్క మినహాయింపు ఇచ్చిననూ మీకు అవమానము." ఫోను పెట్టేశారు.

నేను బయట మెట్ల మీద కూలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎంతమందిని ఇలా మెట్ల మీద కూర్చోబెట్టానో లెక్క లేదు. ఆ మెట్లు ఎండకి ఇంత కాలుతాయని ఇవాళే తెలిసింది.

నాలుగు దాటాక, కరపత్రాల కట్టలు సంచీలో సర్దుకుని మావయ్యగారు గుమ్మం దాకా వచ్చారు. వైకుంఠరావు వెనకాలే వచ్చాడు. మావయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు. ముఖం విప్పారింది. అల్లుణ్ణి గుర్తుపట్టారేమోనని లేచి నిలబడ్డాను.

"ఆఁ, మీరా! ఆరు బై పదకొండు, కొత్తరేవు వీధి, మేడమీద వాటా. కొప్పిశెట్టి త్రిమూర్తులుగారు. కుక్క లేదు గానీ గేటు కిర్రుమంటుంది. మీకివాళ ఏం లేవండి," అన్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఇల్లు గుర్తుంది, గేటు గుర్తుంది, నేనూ గుర్తున్నాను. అల్లుడిగా కాదు, అడ్రసుగా. అదైనా చాలనిపించింది.

వైకుంఠరావు ముఖం మాత్రం పాలిపోయింది. "సార్, ఇప్పుడాయన మీ పూర్తి చిరునామా బహిరంగపరిచారు. మీ సమ్మతి లేకుండా."

"నా అడ్రసు నాకే చెప్పారయ్యా!"

"నేను విన్నాను కదా సార్. నేను మూడో మనిషిని. ఇది నేరం." ఉన్నట్టుండి ఆగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, ముప్పై ఒకటో పేజీ గుర్తుందా మీకు?"

గుర్తు లేదు. రాసినవాడికి అన్నీ గుర్తుంటాయా? అతనే అప్పజెప్పాడు: "పౌరుని వివరము పౌరునిది. నిందితుని వివరము ప్రభుత్వానిది." నిందితుడికి గోప్యత లేదు. ఫిర్యాదు చేసినవాడు నిందితుడి పేరు, ఊరు, ముక్కు అన్నీ రాయొచ్చు, ఫోటో పెట్టొచ్చు. రాసినదాన్ని అధికారి నమ్మి తీరాలి. ఆపైన ఎవరైనా పూచీ ఉంటే ఇంటికి పంపేయాలి.

"అంటే నేను మావయ్యగారి మీద కేసు పెట్టాలా?"

"పెడితే ఇంటికెళ్తారు సార్. లేకపోతే ఐదింటికి వ్యాను," అన్నాడు వైకుంఠరావు. గొంతులో అధికారి లేడు. "అంతకన్నా నాకు దారి కనబడటం లేదు గురువుగారూ."

ఇంకొకరి గుట్టు ఎన్నడూ నోరుజారి చెప్పని మనిషి మీద, గుట్టు బయటపెట్టాడని కేసు. నా చెయ్యి రాలేదు. రత్నం వచ్చి కలం నా చేతిలో పెట్టింది.

"రాయండి. ఇన్ని రాశారు, ఇదొకటి రాయలేరా?"

రాశాను. పేరు: అడపా సత్తిరాజు. వృత్తి: రిటైర్డు పోస్ట్‌మాన్. నేరం: ఫిర్యాదుదారుడు ఎక్కడ ఉంటాడో తెలిసి ఉండుట. వైకుంఠరావు ఇప్పుడు నిర్భయంగా పెళ్ళి ఫోటో చూసి, "ముక్కు సరిపోయింది సార్," అన్నాడు. నిందితుడి దుస్తుల మీద విశేషాలు రాయాల్సిన గడి ఒకటుంది. మావయ్యగారి జేబు తిరగేసి చూశాడు.

"జేబు లోపల కుట్టు విప్పిన గుర్తులు. ఎర్రదారం పోగు ఒకటి. ఏదో పట్టీ ఉండి, తీసేసినట్టుంది సార్."

రత్నం దగ్గరికొచ్చి జేబు చూసింది. వేలితో ఆ కన్నాలు తడిమింది. తరవాత నన్ను చూసింది. నేను మా శాఖ కరపత్రం చదువుతున్నట్టు నటించాను. అది తలకిందులుగా ఉంది.

"బ్లేడుతో విప్పారా, గోటితో విప్పారా?" అంది.

"బ్లేడుతో."

"అన్నీనా?"

"ఆరూ."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బావుండేది. పూచీకత్తు కాగితం మీద సంతకం పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఐదుకి పది నిమిషాలుంది. వెనక నేను నడిచాను. పచ్చవ్యాను మా పక్కనించే వెళ్ళింది. అద్దాల వెనక నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళెవరో నాకు తెలియదు. తెలుసుకోకూడదని రాసింది నేనే.

మర్నాడే ముప్పై ఎనిమిదో పేజీ రద్దు చేయమని అర్జీ పెట్టాను. రాసింది నేనేనని రుజువు లేదని తిప్పి పంపారు. ఇప్పుడు రోజూ ఆఫీసు వదిలాక జిల్లా వసతిగృహం గేటు దగ్గర కాసేపు నిలబడుతున్నాను. లోపలికి రానివ్వరు. నిలబడొద్దని మాత్రం ఏ పేజీలోనూ లేదు, నేను వెతికాను.

బీరువాలోంచి పట్టీలు తెచ్చి ఇచ్చాను. రత్నం వాటిని మళ్ళీ కుట్టింది. వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఒకరోజు నా చొక్కా వేసుకుంటుంటే జేబులో ఏదో గుచ్చుకుంది. తిప్పి చూస్తే తెల్లగుడ్డ పట్టీ. ఎర్రదారంతో నా పేరు, ఇంటి నంబరు, కింద మావయ్యగారి పేరు కుట్టి ఉన్నాయి. "మీక్కూడా ఉండాలి లెండి," అంది. నా సమ్మతి అడగలేదు. నేనూ అడగమనలేదు.

నెల తరవాత రిజిస్టరు కవరు వచ్చింది. మా శాఖ సమన్లు. మావయ్యగారు వరండాలో ఉన్నారు. కవరు అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పోస్ట్‌మాన్ చదివినట్టు పైకి చదివారు. "అడపా సత్తిరాజు, ఒకటో నిందితుడు."

"ఈయన తెలుసా మావయ్యగారూ?" అన్నాను.

"తెలుసండి. బాగా తెలుసు."

"ఎక్కడుంటారు?"

కవరు సంచీలో వేసుకున్నారు. "ఆయన్నడక్కుండా మీకెలా చెప్తానండీ? తప్పు కాదూ!"

ఆయన గేటు కిర్రుమనిపించుకుంటూ బయల్దేరారు. పది అడుగుల వెనక నేను నడిచాను. పొద్దెక్కేదాకా ఊరంతా తిరిగారు. ప్రతి వీధిలోనూ ఒకటి రెండు గుమ్మాల ముందు ఆగి, తల అడ్డంగా ఊపి ముందుకు సాగారు. టీకొట్టు దగ్గర సింహాచలం ఆయన్ని చూసి బోర్డు మీద తడిగుడ్డ ఆరేసింది. "రాజుగారూ, ఇల్లు అటండి," అంది గట్టిగా.

ఇంటికొచ్చాక మావయ్యగారు కవరు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కలం అడిగితే ఇచ్చాను. కవరు మూల, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తేదీ వేసి, నా చేతికిచ్చి కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు.

"ఇంట్లో లేరు. రేపు మళ్ళీ చూడాలి."